కాదన్నా రుద్దేసేటప్పుడు ఇంక ఓటెందుకు? ఒక కండక్టరు జవాబు

ప్రశ్న ఇదీ: “2022లో అమెరికా రైల్వే కార్మికులు యూనియన్లు కంపెనీలతో కుదుర్చుకున్న ఒప్పందం వద్దని ఓటేశారు. అయినా కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) దాన్నే చట్టం చేసి రుద్దింది. మరి ఆ ఓటు వల్ల ఒరిగిందేమిటి?”

ఆ ఓటు వేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. వద్దనే వేశాను. కాబట్టి నా జవాబు ఎటు మొగ్గుతుందో మీకు ఇప్పుడే తెలిసిపోయింది.

నెబ్రాస్కాలో గూడ్సు బళ్ళ మీద కండక్టరుని. టికెట్లు చూసే ఉద్యోగం కాదు, మా పెద్దమ్మ ఇప్పటికీ అదే అనుకుంటుంది. మైలున్నర పొడవున్న బొగ్గు బండి అర్ధరాత్రి ఠక్కున ఆగిపోతే, లైటు పట్టుకుని మంచులో దాని పక్కనే నడుచుకుంటూ పోయి, ఏ వ్యాగన్ దగ్గర బ్రేకుల గాలి గొట్టం ఊడిందో వెతికే ఉద్యోగం.

అప్పట్లో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట. “జీతం 24 శాతం పెంచారు, ఏడాదికి 1,000 డాలర్ల బోనసు కూడానట, ఇంకేం కావాలి మీకు?” నిజమే, 2020 నుంచి 2024 దాకా ఐదేళ్ళకు కలిపి 24 శాతం. ఓటు గెలిస్తే పాత బాకీ కింద మనిషికి సగటున 11,000 డాలర్లు వస్తాయని కంపెనీలే లెక్క చెప్పాయి. అయితే ఆ మాటనేవాళ్ళు ఎవరయ్యా అంటే, ఒక్క ఏడాది జీతం పెరగకపోతే రెజ్యూమె బయటికి తీసేవాళ్ళు. మూడేళ్ళు పైసా పెరగకుండా పనిచేసిన మాకు తృప్తి గురించి వాళ్ళు క్లాసు పీకుతుంటే ఒళ్ళు మండదా?

సరే, అసలు విషయం. మా గొడవ డబ్బుతో కాదు, ఫోనుతో. మాకు షిఫ్టు అంటూ ఉండదు. ఫోను మోగితే గంటన్నర, రెండు గంటల్లో డ్యూటీలో ఉండాలి. అది మధ్యాహ్నం మూడింటికి మోగొచ్చు, పాపకు పుట్టినరోజు కేకు కోయిస్తుంటే మోగొచ్చు. అప్పట్లో ఎత్తకపోతే మన ఖాతాలోంచి పాయింట్లు పోయేవి. పాయింట్లు అయిపోతే సంజాయిషీ, తర్వాత సస్పెన్షను, ఆ తర్వాత ఇల్లు. అంతకుముందు ఆరేళ్ళలో పెద్ద రైల్వేలు మూడో వంతుకు కాస్త తక్కువగా మనుషుల్ని తగ్గించుకున్నాయి. ఉన్నవాళ్ళ మీద ఈ పాయింట్లు పెట్టి బళ్ళు నడిపించాయి.

ఆ ఏడాది మార్చిలో నాకు కింది దవడ పన్ను పట్టుకుంది. సెలవు పెడితే పాయింట్లు పోతాయని బుగ్గలో లవంగం పెట్టుకుని మూడు ట్రిప్పులు తిరిగాను. రేడియోలో సిగ్నల్ పేరు చెబుతుంటే నా మాట బళ్ళ రాకపోకలు చూసే డిస్పాచర్‌కి అర్థం కాక రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు. చివరికి డెంటిస్టు ఏదో తాత్కాలికంగా పూడ్చి, క్యాప్ వేయడానికి మళ్ళీ రమ్మంది. ఆ ‘మళ్ళీ’ గురించి చివర్లో చెబుతాను.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. అక్టోబరు ఆఖరు. ఎదురు బండి కోసం మమ్మల్ని లూప్ లైన్లో పెట్టి మర్చిపోయారు. ఇంజన్లో ఇద్దరమే, నేనూ, బండి నడిపే మా ఇంజనీరూ. ఆయనకు 58 ఏళ్ళు. మా రిటైర్మెంటు పద్ధతిలో 30 ఏళ్ళ సర్వీసు ఉంటే 60కే పూర్తి పెన్షన్. అంటే ఆయనకు ఇంకో రెండేళ్ళే. పైగా ఆయన యూనియన్ వేరు, నాది వేరు. ఒకే ఇంజన్లో పక్కపక్క సీట్లు, రెండు వేర్వేరు ఓట్లు.

క్యాబ్‌లో ఫోన్లు ఆపేసి సంచిలో పెట్టాలని రూలు. అందుకని ఆయన ఒప్పందం ప్రింటు తీసి తెచ్చుకున్నాడు. సెప్టెంబరు 15 తెల్లవారుజామున, వాషింగ్టన్‌లో 20 గంటలు ఏకబిగిన కూర్చుని, సమ్మె గడువుకు ఒక్కరోజు ముందు కుదుర్చుకున్న కాగితం అది. జీతాల పేజీ మీద కాఫీ మరక. నేను ఆ పేజీ తిప్పేసి డాక్టరు సెలవుల దగ్గర వేలు పెట్టాను. ఏడాదికి మూడుసార్లు డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు, పాయింట్లు పోవు. జీతం రాదు. 30 రోజుల ముందు చెప్పాలి. అదీ మంగళ, బుధ, గురువారాల్లోనే.

“అయితే పన్నుకు నెల ముందే నోటీసిచ్చి, మంగళవారం నొప్పి పుట్టమని చెప్పాలా?” అన్నాను.

ఆయన నవ్వలేదు. “నువ్వు వద్దను, నేను సరేనంటాను. ఎవరు గెలిచినా క్రిస్మస్ ముందు దేశంలో బళ్ళు ఆగనివ్వరు. ఇదే కాగితం డిసెంబరులో కాంగ్రెస్ మనకిస్తుంది. ఈలోపు నీ 11,000 ఆలస్యమవుతాయి, అంతే” అన్నాడు.

రెండు గంటలు వాదించుకున్నాం. మధ్యలో ఎదురు బండి దడదడలాడుతూ పోయింది, అది పోయేదాకా ఇద్దరం నోరు మూసుకుని, మళ్ళీ వదిలిన చోటినుంచే మొదలుపెట్టాం. మాకు మాత్రం సిగ్నల్ రాలేదు. 12 గంటలు నిండితే చట్టప్రకారం మేము బండిని కదపకూడదు. అక్కడే వదిలేసి వ్యాను కోసం ఎదురుచూడాలి, అది ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఆ వ్యానులోనే ఫోను ఆన్ చేసి ఓటేశాను. ఆయన అప్పటికే కిటికీకి తల ఆనించి గురక పెడుతున్నాడు.

మర్నాడు నాన్నకు ఫోన్ చేశాను. నాన్న కాజీపేటలో గార్డుగా చేశారు, 1974 రైల్వే సమ్మెలో ఉన్నారు. మే 8న మొదలై 20 రోజులకే ఆగిపోయిన సమ్మె అది. “ఒరేయ్, మొదలుపెట్టేటప్పుడు గేటు గేటుకీ మీటింగే. ఆపేసేటప్పుడు మమ్మల్ని ఒక్క ముక్క అడగలేదు. మర్నాడు డ్యూటీకి పొమ్మన్నారు, పోయాం. మీ కాగితం మీ ఇంటికొచ్చి మిమ్మల్ని అడుగుతోందిగా, వేసెయ్, ఏదో ఒకటి” అన్నారు. నాన్నకు ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు, ఆ రోజు మరో అరగంట అదే మాట్లాడారు.

ఫలితాలు నవంబరు 21న వచ్చాయి. మా యూనియన్ స్మార్ట్-టీడీలో బళ్ళ మీద పనిచేసేవాళ్ళు 50.87 శాతం వద్దన్నారు. ఇంజనీర్ల యూనియన్ బీఎల్ఈటీ 53.5 శాతంతో సరేనంది. మా ఇంజన్లో జరిగిందే దేశమంతా జరిగింది. మొత్తం 12 యూనియన్లలో నాలుగు కాదన్నాయి. ఆ తర్వాత ఆయన చెప్పింది చెప్పినట్టే అయింది. నవంబరు 30న ప్రతినిధుల సభ, డిసెంబరు 1న 80-15తో సెనేట్, 2న అధ్యక్షుడి సంతకం. ఏడు రోజుల జబ్బు సెలవు ఇమ్మన్న తీర్మానానికి సెనేట్‌లో 52 ఓట్లొచ్చాయి, 60 కావాలి. యూనియన్ల మనిషినని చెప్పుకున్న అధ్యక్షుడు బైడెన్ హయాంలోనే ఇదంతా. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా మళ్ళీ బీపీ పెరుగుతుంది, వదిలేయండి.

మరి ఒరిగిందేమిటి? అక్టోబరు 10నే ఈ ఒప్పందాన్ని కాదన్నది పట్టాల పనివాళ్ళు. 2023 ఫిబ్రవరిలో సీఎస్‌ఎక్స్ అనే రైల్వే కంపెనీ అదే పట్టాల పనివాళ్ళకు జీతంతో నాలుగు రోజుల జబ్బు సెలవు ఒప్పుకుంది. తర్వాత మిగతా పెద్ద రైల్వేలూ ఒకదాని వెనక ఒకటి అదే దారి పట్టాయి. కొన్ని నెలల ముందు ససేమిరా కుదరదన్న సెలవు హఠాత్తుగా ఎలా కుదిరింది? వద్దన్న ఓట్ల వల్లేనని నా నమ్మకం. అందరం సరేనని ఉంటే, కార్మికులకు ఏ లోటూ లేదని కంపెనీలు హాయిగా కూర్చునేవి. పేపర్లలో పరువు పోయింది కాబట్టి కదిలాయని కొందరంటారు. ఆ పరువు పోగొట్టింది ఎవరు మరి?

మా ఇంజనీరు మాత్రం ఒప్పుకోడు. రిటైరై హాయిగా ఉన్నాడు. రాత్రి రెండింటికి ఇప్పటికీ మెలకువ వచ్చి ఫోను చూసుకుంటాడట. నేను గనక ఆ టైముకి డ్యూటీలో లేకపోతే మెసేజ్ పెడతాడు, “నీ ఓటు ఇంకా లెక్కపెడుతున్నారా?” అని.

మా కంపెనీలో ఆ సెలవు కాస్త ఆలస్యంగానే వచ్చింది. డెంటిస్టు రమ్మన్న ఏడాది దాటాక వెళ్ళి ఆ పన్నుకు క్యాప్ వేయించుకున్నాను. ముందు రోజు రాత్రి ఫోన్ చేసి చెప్పాను. శుక్రవారం.