మ్యాపుల్లో నలుగురికీ పనికొచ్చే ఫోటోలు ఎలా తీయాలి?

రోజూ ఉదయం నడకకు వెళ్లినప్పుడు ఫోన్‌తో ఫోటోలు తీసి మ్యాపుల్లో పెడుతున్నానని, అరవై దాకా పెట్టినా అవి ఎవరికైనా ఉపయోగపడుతున్నాయో లేదో తెలియడం లేదని, అసలు ఏం తీయాలో, ఎక్కడ పెట్టాలో చెప్పమని అడిగారు. నేను ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మొదటి ఏడాది తీసినవాటిలో సగానికి పైగా దేనికీ పనికిరాలేదు. ఎందుకు రాలేదో చెబితేనే మీకు ఎక్కువ ఉపయోగం అనుకుంటున్నాను.

అప్పట్లో భవనాలను అందంగా తీసేదాన్ని. వెలుతురు బాగున్న వేళ చూసుకుని, కాస్త కిందినుంచి, సగం ఆకాశం వచ్చేలా. ఒక లైబ్రరీ ఫోటోలు అలాగే ఎనిమిది పెట్టాను. కొన్నాళ్లకు చక్రాల కుర్చీలో తిరిగే ఒకావిడ ఆ పేజీలో అడిగారు: "లోపలికి వెళ్లడానికి మెట్లు ఉన్నాయా? ఎన్ని?" నా ఎనిమిది ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ ఆ జవాబు లేదు. కొన్నిటిలో గుమ్మానికి వాహనాలు అడ్డంగా ఉన్నాయి, మిగతావాటిలో గుమ్మమే రాలేదు. మనసుకు చాలా కష్టమనిపించింది. మర్నాడే మళ్లీ వెళ్లాను. ముందు మూడు మెట్లున్నాయి, పక్క గోడ వెంట నాలుగడుగులు వేస్తే ర్యాంపు ఉంది. మెట్లు ఒకటి, ర్యాంపు మొదలయ్యే చోటు ఒకటి, రోడ్డు మీద నిలబడి ర్యాంపు ఎటువైపో తెలిసేలా ఒకటి, మూడు ఫోటోలు పెట్టాను. ఎవరి సాయం లేకుండా వెళ్లొచ్చానని ఆవిడ తర్వాత రాశారు. నేను తీసిన వేల ఫోటోల్లో నాకు ఎక్కువ తృప్తినిచ్చినవి ఆ మూడే.

అప్పటినుంచి బటన్ నొక్కేముందు ఒక్క ప్రశ్న వేసుకుంటాను: ఇక్కడికి ఎన్నడూ రానివాళ్లు ఇంట్లోంచి బయల్దేరే ముందు ఏం తెలుసుకోవాలనుకుంటారు? గుమ్మం ఎటువైపు, మెట్లెన్ని, లిఫ్ట్ ఉందా, బండి ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు తెరుస్తారు. పనివేళల బోర్డును ఎదురుగా నిలబడి తీయండి. తీశాక అక్కడే ఫోటోను పెద్దది చేసి అక్షరాలు చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి. బోర్డు మారితే కొత్త ఫోటో పెట్టండి. పాత పనివేళలు చూసి వచ్చి వెనక్కి వెళ్లేవాళ్లు ఉంటారు.

వీధుల విషయంలోనూ ఇదే లెక్క. ఉపగ్రహ చిత్రాల్లో పైకప్పులూ రోడ్లూ బాగానే కనిపిస్తాయి. వాటిని చూసే ఎంతోమంది ఎక్కడో కూర్చుని మ్యాపు గీస్తున్నారు. వాళ్లకు కనిపించనిది చెట్ల కింద, గోడల మీద ఉంటుంది. వన్‌వే బోర్డు, స్పీడ్ లిమిట్, వీధి పేరు, ఇంటి నంబరు, బండ్లు పోకుండా పాతిన స్తంభాలు, మధ్యలో ఆగిపోయిన ఫుట్‌పాత్, కాలినడకన మాత్రమే పోగలిగే సందు. మీరు నడుస్తారు కాబట్టి, కార్లో కెమెరా పెట్టుకుని తిరిగేవాళ్లకు దొరకని ఆ సందులు మీకు దొరుకుతాయి. నన్నడిగితే ముందు వాటినే తీయండి.

ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు కానీ, ఫోటో ఎంతమందికి పనికొస్తుందో తేల్చేది అదే. గూగుల్ మ్యాప్స్‌లో పెట్టిన ఫోటో అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లకు బాగా ఉపయోగం. కానీ 2004లో మొదలైన, ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే మ్యాపును గీసే వాలంటీర్లు దాన్ని చూసి తమ మ్యాపులో ఏదీ చేర్చకూడదు, లైసెన్సు ఒప్పుకోదు. వీధి ఫోటోల కోసమే ఉన్న మ్యాపిలరీ సంగతి వేరు. అది 2013లో స్వీడన్‌లో పుట్టింది, 2020లో ఫేస్‌బుక్ కొనుక్కుంది. అందులోని ఫోటోలు సీసీ బై-ఎస్ఏ లైసెన్సుతో, అంటే తీసినవాళ్ల పేరు చెప్పి, అదే షరతుతో ఎవరైనా వాడుకునేలా ఉంటాయి, వాటిని చూసి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వివరాలు చేర్చడానికి స్పష్టమైన అనుమతి ఉంది. ఒక్క కంపెనీ చేతిలో ఉండటం నచ్చకపోతే, వీధి ఫోటోలకే మరో వేదిక పనోరమాక్స్ ఉంది. ఫ్రాన్స్‌లో అక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఐజీఎన్, స్థానిక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సంఘం కలిసి మొదలుపెట్టారు. ఫోటో మీ సొంతం కాబట్టి ఒకే ఫోటోను రెండుమూడు చోట్ల పెట్టడానికి అడ్డేమీ లేదు. చారిత్రక కట్టడాలు, విగ్రహాల్లాంటివి వికీపీడియా వాడుకునే ఫోటోల భండారం వికీమీడియా కామన్స్‌కు ఇవ్వవచ్చు. అయితే వ్యాపారానికి వాడకూడదనే షరతు పెడితే అక్కడ తీసుకోరు. కొత్త కట్టడాల ఫోటోల విషయంలో ఒక్కో దేశానికి ఒక్కో కాపీరైట్ నియమం ఉంది, ముందే చూసుకోండి.

ఇక లొకేషన్. నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. ఒకసారి రెండు వందల ఫోటోలు మెసేజింగ్ యాప్ ద్వారా కంప్యూటర్‌కు పంపుకుని, ఫోన్‌లోంచి చెరిపేశాను. ఆ యాప్ ఫోటో సైజు తగ్గించడంతో పాటు లోపల దాగి ఉండే ఎక్సిఫ్ సమాచారాన్ని, అంటే అక్షాంశ రేఖాంశాలు, తీసిన సమయం అన్నిటినీ తుడిచేసింది. ఒక వారం నడక అంతా పోయింది. ఫోటోలను కేబుల్‌తో ఎక్కించుకోండి, లేదా తీసిన యాప్‌లోంచే నేరుగా అప్‌లోడ్ చేయండి.

ఫోన్ జేబులోంచి తీసిన వెంటనే మొదలుపెట్టవద్దు. ఆ క్షణంలో జీపీఎస్ పాత చోటునే చూపిస్తూ ఉండవచ్చు. ఆకాశం బాగా కనిపించే చోట ఒక నిమిషం నిలబడి, మ్యాపులో చుక్క మీరున్న చోటికి వచ్చాక కదలండి. ఆరుబయట మామూలు ఫోన్‌కు అయిదు మీటర్ల తేడా సహజం. ఎత్తయిన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది కాబట్టి మీరు రోడ్డుకు అవతలి వైపు ఉన్నట్టు చూపించవచ్చు. అలాంటివి అప్‌లోడ్‌కు ముందే సరిచేయాలి. ఇంకొకటి, అయస్కాంతంతో పట్టుకునే ఫోన్ హోల్డర్లు దిక్సూచిని తికమక పెడతాయి. ఫోటో ఉత్తరం వైపు తీస్తే తూర్పు అని నమోదవుతుంది. నాకు ఈ సంగతి మూడు నెలలకు గానీ తెలియలేదు.

వీధి ఫోటోలు విడివిడిగా కాకుండా వరసగా తీయాలి. పక్కపక్క ఫోటోల్లో ఒకే గోడ, ఒకే స్తంభం రెండింటిలోనూ కనిపిస్తేనే సాఫ్ట్‌వేర్ వాటిని పోల్చి కెమెరా ఎక్కడుందో లెక్కగట్టగలదు. నడకలో నేను మూడు నుంచి అయిదు మీటర్లకు ఒకటి తీస్తాను, మూలమలుపుల్లో ఇంకా దగ్గరగా. ఫోన్ అడ్డంగా, కంటి ఎత్తులో, నేలా ఆకాశమూ కలిసే గీత ఫ్రేము మధ్యకు వచ్చేలా పట్టుకోండి. జూమ్ వద్దు. బోర్డులు ఎదురుగా వచ్చేవాళ్ల వైపే తిరిగి ఉంటాయి కదా, అందుకే వెళ్లేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ రెండువైపులా తీయండి. ముఖాన ఎండ కొట్టే వైపు తీస్తే ఏమీ కనిపించదు. నీడలు పడని మబ్బు రోజు వీధి ఫోటోలకు చాలా మంచిది. జేబులో ఉండే ఫోన్‌కు లెన్స్ మీద జిడ్డు అంటుకుంటుంది, ప్రతిసారీ తుడవండి.

ఎప్పుడైనా వాహనంలో తీయాలనుకుంటే ఒక లెక్క గుర్తుంచుకోండి. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. షటర్ సెకనులో వందో వంతు తెరిచి ఉన్నా ఆలోపు బండి 10 సెంటీమీటర్లు కదులుతుంది. పక్కనున్న బోర్డు అక్షరాలు అలుక్కుపోవడానికి అది చాలు. సాయంత్రం వెలుతురు తగ్గితే షటర్ ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. అందుకే పగటిపూట, నెమ్మదిగా వెళ్తేనే ఫలితం. నడిపేవాళ్లు మాత్రం ఫోన్ ముట్టుకోకూడదు, అన్నీ బయల్దేరకముందే అమర్చుకోవాలి.

మనుషుల విషయం. మ్యాపిలరీ, పనోరమాక్స్ ముఖాలనూ నంబరు ప్లేట్లనూ వాటంతటవే మసక చేస్తాయి, కానీ కొన్ని తప్పించుకుంటాయి. కనబడితే మీరే రిపోర్ట్ చేయండి. పిల్లలు ఆడుకునే చోట, ఇళ్ల కిటికీలు దగ్గరగా ఉన్నచోట నేను ఫోన్ దించేస్తాను. ఎవరైనా వద్దంటే ఆ ఫోటోను అక్కడికక్కడే చెరిపేస్తాను. మీ జాగ్రత్త కోసం, ఫోటోల వరసను మీ గుమ్మం నుంచి కాకుండా రెండు వీధులు దాటాక మొదలుపెట్టండి. రోజూ ఒకేచోట మొదలయ్యే చుక్కలు మీ ఇల్లెక్కడో చెప్పేస్తాయి.

మీ అరవై ఫోటోలను పక్కన పడేయకండి. ఒక్కొక్కటీ తెరిచి ముందు లొకేషన్ చుక్క సరిగ్గా ఉందో లేదో చూడండి. తర్వాత ఫోటోల్లో గుమ్మం కనిపించని ప్రదేశాలు ఏవో ఒక కాగితం మీద రాసుకోండి. రేపటి నడక ఆ చీటీలో మొదటి పేరు వైపు పెట్టుకోండి. మీ ఫోన్ మోడల్ చెబితే అందులో లొకేషన్ సెట్టింగు ఎక్కడుందో చూసి చెబుతాను.