మెంతులు, కలోంజీ, నేరేడు పొడి అన్నీ కలిపి వాడొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే, మాది కర్నూలు. మా అత్తమ్మకి 62 ఏళ్ళు, చాన్నాళ్ళ నుంచి షుగర్ ఉంది, పొద్దున్నే గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది. మెంతుల నీళ్ళు ముందు నుంచీ తాగుతుంది, ఇప్పుడు పక్కింటి ఆపా కలోంజీ ఇచ్చారు, చావుకి తప్ప అన్నిటికీ మందేనంట, చర్చికెళ్ళే ఎదురింటి ఆంటీ నేరేడు గింజల పొడి ఇచ్చింది, ఇవి కాక కాకరకాయ జ్యూసు. శనివారం ఒక్కపొద్దు మానదు, ఆ రోజు పదకొండింటికల్లా చెమటలు, వణుకు. పొడులు పనిచేస్తున్నాయి కాబట్టే అలా అవుతోంది అంటుంది, నిజమేనా?

జవాబు: ముందు ఆ చెమటల సంగతి చూడమ్మా, మిగతావి తర్వాత. అది షుగర్ బాగా పడిపోవడం కావచ్చు. గ్లిమిపిరైడ్ మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్ వచ్చేలా చేస్తూనే ఉంటుంది, ఆ రోజు టిఫిన్ లేదు, పైగా కాకర జ్యూసు, పొడులు, ఇంక పడిపోక ఏమవుతుంది? మళ్ళీ అలా అయితే మిషన్‌లో చూడండి, 70 కంటే తక్కువ ఉంటే వెంటనే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగించి పావుగంటకి మళ్ళీ చూడాలి, స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇక పొడులు. మెంతులకి కాస్త బలం ఉంది, వాటిలో పీచు ఎక్కువ, తిన్నది రక్తంలోకి మెల్లగా ఎక్కుతుంది, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్)లో 1980ల్లోనే వీటి మీద పరీక్షలు చేశారు, కాకపోతే అక్కడ వాడింది రోజుకి 25 గ్రాములు, అంతకన్నా ఎక్కువ కూడా, మనం నానబెట్టి తాగే చెంచాడు నీళ్ళకి ఆ లెక్క రాదు. కలోంజీ అంటే మన నల్ల జీలకర్రే, రోజుకి 2 గ్రాములు ఇచ్చి చూస్తే షుగర్ కొంచెం తగ్గింది, అదీ టాబ్లెట్లు ఆపకుండా వాటితోపాటు ఇస్తేనే. కాకరకి, నేరేడు గింజలకి అంత గట్టి రుజువు లేదు, కూరగా కాకర తినండి, ఎవరొద్దన్నారు, జ్యూసు మానేస్తే మంచిది. ఆ మాటకొస్తే మెట్‌ఫార్మిన్‌కి మూలం కూడా యూరప్‌లో వాడిన గలేగా అనే మొక్కే, 1957లో ఫ్రాన్స్ డాక్టర్లు షుగర్‌కి ఇచ్చి చూశారు, కాకపోతే టాబ్లెట్‌లో ఎంత మందుందో మనకి తెలుసు, ఆంటీ ఇచ్చిన డబ్బాలో ఎంతుందో ఆంటీకే తెలీదు.

అందుకని డబ్బాలన్నీ ఒక సంచిలో వేసుకుని మీ డాక్టర్ దగ్గరికెళ్ళండి, శనివారం టాబ్లెట్ ఎప్పుడు ఎంత వేసుకోవాలో అడగండి. అత్తమ్మ టాబ్లెట్లు సొంతంగా ఆపకూడదు. ఈస్టర్‌కి ముందు లెంట్ ఉపవాసాలుండే ఆంటీకి షుగరుంటే ఆమెకీ ఇదే మాట. ఆపాకి ఉంటే రంజాన్‌కి ముందే డోసు మార్పించుకోమనండి, వేలు పొడిచి టెస్ట్ చేసుకుంటే రోజా (ఉపవాసం) పోదని ఉలేమాలే, అంటే వాళ్ళ మత పండితులే చెప్తున్నారు, 70 కంటే తగ్గినా 300 దాటినా రోజా విడిచేయాలి, జబ్బు ఉన్నవాళ్ళకి ఖురాన్‌లోనే మినహాయింపు ఉంది.