వినైల్ షీట్ తీశాక మిగిలిన జిగురు
షీట్ పీకేశాక సిమెంటు నేల మీద పసుపు జిగురు మిగిలి, చెప్పులు అతుక్కుపోతున్నాయన్నారు కదండీ. ముందు వేడినీళ్లే ప్రయత్నించండి. పాత తువ్వాలును వేడినీళ్లలో ముంచి, జిగురు మీద పరిచి 15 నిమిషాలు వదిలేయండి. నీటికి లొంగే రకమైతే మెత్తబడుతుంది. అప్పుడు పుట్టీ బ్లేడును దాదాపు పడుకోబెట్టి తోస్తే చుట్టలు చుట్టుకుంటూ లేచొస్తుంది. కొంచెం కొంచెం భాగంగా చేయండి, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది.

కదలకపోతే మినరల్ టర్పెంటైన్ (పెయింటును పలుచన చేసే ద్రవం) గుడ్డకు అద్ది, ముందు ఒక మూలన రుద్ది చూడండి. కిటికీలు తెరవాలి, దగ్గర్లో మంట అసలు ఉండకూడదు. చివర్లో డిటర్జెంటుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి, జిడ్డు మిగిలితే కొత్త ఫ్లోరింగ్ పట్టదు.

ఎక్కడైనా పాతకాలపు నల్ల జిగురు కనిపిస్తే మాత్రం దయచేసి గీకొద్దు, శాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) అసలే వద్దు. అందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.