మ్యాప్ పెంచే ముందు

చిట్టీకి,

నువ్వు పంపిన హైదరాబాద్ పాతబస్తీ వీడియో గేమ్ డెమో ఆడాను. పత్తర్‌గట్టీ దుకాణాల షట్టర్ల మీద వెలిసిన రంగు దాకా భలే పట్టుకున్నావు. కానీ వాటిని తీరిగ్గా చూసే సందేదీ? ఆడినంతసేపూ నా కళ్ళు తెర మూలన దారి చూపే బుల్లి పటం, ఆ మినీమ్యాప్ మీదే. ఒక గుర్తు, దాని తర్వాత ఇంకో గుర్తు... కిరాణా చీటీలో ఒక్కో సామానూ కొట్టేసుకుంటూ పోయినట్టే ఉంది.

పైగా ఆటలో తిరిగే ఊరిని, అంటే మ్యాప్‌ని, ఇంకా పెంచుతారట! ఎందుకమ్మా? 1996లో వచ్చిన డాగర్‌ఫాల్ గేమ్‌లోని లోకం గ్రేట్ బ్రిటన్ అంత ఉంటుందని చెప్పుకునేవారు. అందులో వేల ఊళ్ళున్నాయి, చాలామటుకు కంప్యూటర్ పేర్చినవే. నాలుగు చూస్తే ఐదోది చూడాలనిపించదు.

మనిషిని నడిపించేది కంటికి కనబడేదే. ఓసారి మదీనా నుంచి చార్మినార్ దాకా నడిచి చూడు. మినార్లు కాసేపు కనిపిస్తాయి, కాసేపు ఆటోలూ బోర్డులూ అడ్డొస్తాయి. కమాన్ దాటి గుల్జార్ హౌజ్ దగ్గరికొచ్చేసరికి మొత్తం కట్టడం ఎదురుగా నిలబడుతుంది. అక్కడికి చేరాక లాడ్‌బజార్ గాజుల తళుకు ఇంకోపక్కకి లాగుతుంది. బాణం గుర్తు పెట్టి దారి చూపాల్సిన పనేముంది? నింటెండో వాళ్ళు 2017లో తెచ్చిన బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ గేమ్‌లో కొండల్ని త్రికోణాల్లా మలిచింది ఇందుకే. ఎక్కడమా, చుట్టి వెళ్ళడమా అన్నది మనిష్టం. ఎటు వెళ్ళినా, కొండ చాటున దాగినది కొంచెం కొంచెంగా బయటపడుతుంది. టవరెక్కితే ఆ ప్రాంతం మ్యాప్ వస్తుంది కానీ గుర్తులు గుప్పించదు. కంటికి నచ్చిన చోట పిన్ను మనమే పెట్టుకోవాలి.

ఇక నీ గేమ్‌లో ఆ ఇరానీ చాయ్ కప్పుల వేట. ఏరించడం తప్పని నేననను. ఆ నింటెండో గేమ్‌లోనూ అక్కడక్కడా దాచిన కొరోక్ గింజలు 900 ఉన్నాయి, కానీ ఆయుధాలు పెట్టుకునే సంచులు పూర్తిగా పెరగడానికి 441 చాలు. అన్నీ ఏరినవాడికి దక్కేది ఒక వెటకారపు బహుమతి! ఎటు పోయినవాడికైనా ఏదో ఒకటి దొరకాలని వెదజల్లారే గానీ, అన్నీ ఏరి తీరాలని కాదు. నువ్వేమో ఇంకా ఎన్ని మిగిలాయో తెర మీద లెక్క చూపిస్తున్నావు. ఆ లెక్క తీసెయ్. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది కదా, దాన్ని వాడుకో. చప్పుడు చేస్తే కాపలావాడు అటు తిరగాలి. ఇది ఎవరికి వాళ్ళు కనిపెట్టుకునేలా వదిలెయ్, ట్యుటోరియల్ పెట్టకు.

అన్నిటికంటే చిరాకు తెప్పించింది దొంగని పట్టుకునే మిషన్. డాబాల మీదుగా అడ్డం పడి పట్టుకుందామని మెట్లెక్కానో లేదో, 'మిషన్ విఫలం' అంది. ఊరంతా నీదే తిరగమని చెప్పి, అసలు పని వచ్చేసరికి గీత దాటితే ఊరుకోకపోవడం ఏం న్యాయం? దొంగ దొరికాడా లేదా అన్నదే చూడు, ఏ దారిన పట్టుకుంటే నీకేం? అలాగే ఆ ముసలాయన వెంట వెళ్ళే మిషన్‌లో నడిస్తే వెనకబడుతున్నాం, పరిగెడితే ఆయన్ని దాటిపోతున్నాం. ఆయన వేగాన్ని మన నడకతో కలుపు. చిన్న పనే, కానీ ఎంతోమంది ప్రాణం కుదుటపడుతుంది.

ఫాస్ట్ ట్రావెల్, అదే నడవకుండా ఒక్క నొక్కుతో దూరపు చోటికి చేరడం, ఉంచు, గొడవ లేదు.

మినీమ్యాప్ తీసేసి గేమ్ వెర్షన్ ఒకటి చెయ్. నాక్కాదు, ముందు మీ అమ్మ చేతికి కంట్రోలర్ ఇవ్వు. అక్క గేమ్‌లు ఆడదు కాబట్టే చెబుతున్నా. వెనక నిలబడు, నోరు మాత్రం మెదపకు. ఎక్కడ ఆగింది, ఎటు తిరిగింది, ఎక్కడ విసుక్కుంది అన్నీ రాసి పంపు. మిగతాది ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుందాం.

మీ మామయ్య