కానొస్తలేదు అంటే ఇంగ్లీషుల ఏమనాలె?

ప్రశ్న: సార్ నమస్తే. మాది దేవరకొండ పక్క ఊరు, డిగ్రీ అయిపోయింది. మొన్న ఒక కంపెనీ వాళ్లు వీడియో కాల్‌ల ఇంటర్వ్యూ చేసిన్రు, మధ్యల వాళ్ల వీడియో ఆగిపోయి స్క్రీన్ అంత నల్లగైంది. నేను 'సార్ యు ఆర్ ఇన్విజిబుల్' అన్న, అటుదిక్కు నుంచి నవ్వు ఇనొచ్చింది. ఆ తర్వాత నాకు మాట రాలే. అసలు ఏమనాల్సి ఉండె?

జవాబు: తమ్మీ, వాళ్లు నవ్వుడు పద్ధతి గాదు, నువ్వు చెప్పాలనుకున్నది వాళ్లకు అర్థమయ్యే ఉంటది. 'సారీ సర్, ఐ కాంట్ సీ యు నౌ, యువర్ వీడియో హాజ్ గాన్ బ్లాక్' అంటే సరిపోతుండె, ఇగ పెద్ద మాటలు అక్కర్లేదు. కాల్‌ల అందరు 'యామ్ ఐ విజిబుల్' అంటుంటరు, అది గ్రామర్ తప్పేం గాదు గానీ 'కెన్ యు సీ మి' అంటేనే సాఫీగ ఉంటది. 'ఐ యామ్ నాట్ సీయింగ్ యు' అని మాత్రం అనకు. కంటికి ఆనుడు గురించి చెప్పేటప్పుడు సీ కి ఐఎన్‌జీ పెట్టరు, పెడితే ఇంకో అర్థం వస్తది, ఆడోళ్లు మొగోళ్లు ఒకరినొకరు ఇష్టపడి కలుస్తుండుడును సీయింగ్ అంటరు, ఇంటర్వ్యూల ఆ మాట రాకుంటెనే మంచిది.

ఇగ ఇన్విజిబుల్ సంగతి. ఎంత వెలుగున్నా ఎంత దగ్గరికి పోయినా మామూలు కంటికి ఆనని దానికి ఆ మాట వాడుతరు. మన నల్గొండ జిల్లాల దీనికి ఎక్కడికో పోయి ఉదాహరణ ఎతకనక్కర్లేదు, నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నది కదా. బోరు నీళ్లు గ్లాసుల పోసి ఎండకు పట్టినా తేటగనే ఉంటయి, రంగు ఉండదు వాసన ఉండదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, అంతకు మించిన నీళ్లు ఏండ్ల తరబడి తాగితే పండ్ల మీద గోధుమరంగు చారలు వస్తయి, ఇంకా ముదిరితే ఎముకలు గట్టిపడి నడుము వంగిపోతది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంత మన ఊరి పేరే పెట్టుకున్నరు, నల్గొండ టెక్నిక్ అంటరు. అందుకే 'ఫ్లోరైడ్ ఇన్ వాటర్ ఈజ్ ఇన్విజిబుల్, బట్ ది స్టెయిన్స్ ఆన్ ది టీత్ ఆర్ విజిబుల్' అని రాస్తే ఒక్క వాక్యంల రెండు మాటలూ తేటగ తెలుస్తయి. నీ ఇంటర్వ్యూ సార్లు అట్ల మాయమయ్యే రకం గాదు, వాళ్ల కెమెరా ఆగింది అంతే.

చిక్కు ఎక్కడొస్తదంటే, మనం అన్నిటికీ కానొస్తలేదు అనే ఒక్క మాటతోనే నడుపుతం, ఇంగ్లీషోళ్లు మాత్రం ఎందుకు కానొస్తలేదో దాన్నిబట్టి మాట మారుస్తరు. కాబట్టి ముందు ఎందుకు అని మనసుల అడుగు, మాట దానంతటదే వస్తది. బస్సు మూల తిరిగి పోయిందనుకో, 'ది బస్ ఈజ్ అవుట్ ఆఫ్ సైట్'. లారీ అడ్డమొచ్చి సిగ్నల్ కానరాకుంటే 'ది లారీ ఈజ్ బ్లాకింగ్ మై వ్యూ'. చలికాలం పొద్దుగాల నార్కట్‌పల్లి, నకిరేకల్ దిక్కు 65 నంబర్ హైవే మీద మంచు పడ్డప్పుడు 'విజిబిలిటీ ఈజ్ పూర్' అంటరు, డ్రైవింగ్ పని చేసేటోళ్లకు ఇది రోజూ అక్కరొచ్చే ముక్క. బస్సు బోర్డు కానొస్తున్నది గానీ దాని మీద పేరు పోల్చలేకపోతే 'ఐ కాంట్ మేక్ అవుట్ ది నేమ్'. కండ్ల ముందే ఉన్నా తేల్చుకోలేకపోతే 'కాంట్ టెల్'. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంకు పోయినవా, గర్భగుడిల పొద్దంత నిలిచే నీడ అందరికీ కానొస్తది, అది ఏ స్తంభందో చూసేటోళ్లకు అంతుబట్టదు, 'వి కెన్ సీ ది షాడో, బట్ వి కాంట్ టెల్ విచ్ పిల్లర్ ఇట్ కమ్స్ ఫ్రమ్' అనాలె. నాగార్జునసాగర్ కాడ ఇక్ష్వాకు రాజుల పాత రాజధాని విజయపురి గురించి చెప్పాలంటే ఇన్విజిబుల్ సిటీ అనొద్దు, డ్యామ్ కట్టకముందు 1954 నుంచి తవ్వకాలు చేసి దొరికినయి కొన్ని నాగార్జునకొండ మీదికి తెచ్చిన్రు, మిగతాది రిజర్వాయర్ల మునిగింది, 'మచ్ ఆఫ్ ది ఓల్డ్ సిటీ లైస్ అండర్ వాటర్' అంటే ఎందుకు కానొస్తలేదో కూడ చెప్పినట్టయితది.

ఇంకో ఇంటర్వ్యూ వస్తది తమ్మీ. కాల్ ఆగితే 'ఐ కెన్ హియర్ యు, బట్ ఐ కాంట్ సీ యు' అని నిదానంగ చెప్పి జవాబు కొనసాగించు, ఆగకు.

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ, ఇంటికాడనే చీరల వ్యాపారం చేస్తున్న. ఆన్‌లైన్ల పెట్టిన ఆర్డర్ యాప్‌ల కనిపిస్తలేదని కస్టమర్ కేర్‌కు 'మై ఆర్డర్ ఈజ్ మిస్సింగ్' అని మెసేజ్ పెట్టిన, వాళ్లు పార్సిల్ పోయిందేమో అనుకొని వేరే ఫారం పంపిన్రు. తప్పు ఎక్కడ?

జవాబు: అక్కా, మిస్సింగ్ అంటే ఉండాల్సిన చోట వస్తువే లేదు అని కూడ తీసుకుంటరు, వాళ్లు అట్లనే తీసుకున్నరు. మీ ఆర్డర్ లిస్టుల రాలేదు, అంతే కదా. 'ఐ ప్లేస్డ్ యాన్ ఆర్డర్ టుడే, బట్ ఇట్ ఈజ్ నాట్ షోయింగ్ ఇన్ ది యాప్' అని రాయండి, పైసలు కట్ అయితే ఆ మాట కూడ వెంటనే కలపండి. ఇంట్ల తాళంచెవి కానరాకుంటే మాత్రం 'నాట్ విజిబుల్' అనొద్దు, 'ఐ కాంట్ ఫైండ్ మై కీస్', ఎందుకంటే మీరు ఎతికిన్రు, దొరకలే. శానా రోజులైంది కనిపిస్తలేవు అని పాత కస్టమర్‌ను పలకరించాలంటే 'ఐ హావెంట్ సీన్ యు ఫర్ ఎ వైల్' బాగుంటది, ఆప్యాయంగ ఉంటది.

ప్రశ్న: మా బిడ్డ అచ్చంపేటల పదో తరగతి. అన్‌సీన్ ప్యాసేజ్ అంటే కంటికి కానరానిదా అని అడిగింది, నేను చెప్పలేకపోయిన. సైన్స్‌ల నేకెడ్ ఐ అనే మాట చదవనీకి సిగ్గుపడ్తది.

జవాబు: అమ్మా, అన్‌సీన్ అంటే ఇంతకుముందు చూడనిది, పుస్తకంల లేని పాఠం పరీక్షల ఇస్తరు కాబట్టి ఆ పేరు. పేజీ మీద తేటగ కానొస్తనే ఉంటది. నేకెడ్ ఐ అంటే అద్దాలు, భూతద్దం, మైక్రోస్కోపు ఏదీ లేకుండ చూసే ఉత్త కన్ను, ఇందుల సిగ్గుపడేది ఏం లేదని బిడ్డకు నచ్చజెప్పండి, మార్కులొచ్చే మాట అది. మన కంటికి సుమారు 0.1 మిల్లీమీటరు దాక ఆనుతది, బ్యాక్టీరియా ఎక్కువ మటుకు మిల్లీమీటర్ల వెయ్యోవంతు సైజుల ఉంటయి, అందుకే 'బ్యాక్టీరియా ఆర్ ఇన్విజిబుల్ టు ది నేకెడ్ ఐ' అని రాస్తరు.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ చెప్త. క్లాసుల బోర్డు కానరాకుంటే పిల్లలు ఊకుంటరు, పక్కోళ్ల నోట్స్ చూసి రాసుకుంటరు. 'మేడమ్, ఐ కాంట్ సీ ది బోర్డ్ ఫ్రమ్ హియర్' అని చెప్పనీకి అలవాటు చేయండి. ముంగట కూసోబెట్టినాక కూడ అక్షరాలు మసకగ ఉంటే 'ఇట్ లుక్స్ బ్లర్డ్' అనాలె, ఆ మాట బిడ్డ నోట వచ్చిందంటే ఆ వారమే సర్కారు దవాఖానల కండ్ల పరీక్ష చేయించండి.