సాండింగ్‌కి ముందు నీళ్ల చుక్క వేసి చూడండి

న్యూజెర్సీలో కొన్న 1950ల నాటి ఇంట్లో ఓక్ చెక్క ఫ్లోర్ నడిచే దారంతా అరిగింది, మొత్తం సాండింగ్ (మిషన్‌తో చెక్క పైపొర గీకించడం) చేయించాలా అన్నారు కదండీ. తొందరపడకండి. అరిగిన చోట నాలుగు నీటి చుక్కలు వేసి ఐదు నిమిషాలు చూడండి. చుక్క అలాగే నిలిస్తే పైపూత ఉన్నట్టే. పైపైన గరుకు చేసి కొత్త కోటు వేయిస్తే సరి, ఖర్చూ దుమ్మూ తక్కువ. ఎప్పుడో మైనం పూసి ఉంటే మాత్రం ఆ కోటు పట్టదు, ఊడొస్తుంది.

నీళ్లు ఇంకి చెక్క నల్లబడితే సాండింగే. అప్పుడైనా హీటర్ గాలి వచ్చే జాలీ ఎత్తి పలక మందం చూడండి. మేకుల తలలు బయటపడుతుంటే గీకడానికి ఇక చెక్క మిగల్లేదన్నమాట. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసం నిషేధించిన 1978కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి పాత పూతలో సీసం ఉందేమో పరీక్ష చేయించాకే మిషన్ పెట్టించండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీను.