ఆకలితో చిక్కిపోయిన పిల్లకు ఆస్పత్రిలో కొలిచి ఎందుకు పెడతారు?

మీ చెల్లికి 16 ఏళ్లని, అనొరెక్సియా (లావైపోతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు) అని కర్నూలులో ఆస్పత్రిలో చేర్చారని రాశారు. తిండి లేకే ఇట్లైన పిల్లకు కడుపునిండా పెట్టకుండా కొలిచి పెడుతున్నారేంటి, రోజూ రక్తం ఎందుకు తీస్తున్నారు, ఇంటి నుంచి ఏమైనా తేవచ్చా అని అడిగారు కదమ్మా. మాది అనంతపురం. మా పాప 15 ఏళ్లప్పుడు ఇదే జబ్బుతో 19 రోజులు ఆస్పత్రిలో ఉంది. నేను తల్లిగా పక్కన కూర్చుని చూసింది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది చెప్తాను. మీ చెల్లి విషయంలో మాత్రం అక్కడి డాక్టరు మాటే వినండి.

ముందు ఒక్క మాట. దొంగచాటుగా ఏమీ పెట్టొద్దు. మొదటి వారం పది రోజులు ఆ తిండే మందు, దానికీ డోసు ఉంటుంది.

ఎందుకంటే, నెలల తరబడి తినకపోతే ఒంట్లో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు అడుగంటిపోతాయి, కానీ రక్తపరీక్షలో మాత్రం నార్మల్‌గానే కనిపించవచ్చు. (మేము మొదట చూపించిన డాక్టరు ఆ రిపోర్టు చూసే "ఏం లేదు, వయసు ప్రభావం" అని పంపించేశాడు. కార్తీక సోమవారాల ఉపవాసమని మొదలైంది కాబట్టి మేమూ నమ్మాం. ఆ నాలుగు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.) అట్లాంటి ఒంటికి ఒక్కసారిగా అన్నం, తీపి ఎక్కువ పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో ఉన్న ఆ కాస్త ఫాస్ఫరస్‌నూ కణాల్లోకి లాగేస్తుంది. అప్పుడు గుండె లయ తప్పవచ్చు, ఊపిరి తీసే కండరాలు నీరసపడతాయి, కాళ్లకు నీరు వస్తుంది. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, ఆకలితో మాడిన ఖైదీలు విడుదలై తిండి దొరికిన తర్వాత కొందరు చనిపోయారట, డాక్టర్లకు ఈ ప్రమాదం బాగా తెలిసింది అప్పుడే.

మా పాపను చేర్చినప్పుడు పగలు మెలకువలోనే నాడి నిమిషానికి 42. 50 కంటే తగ్గితే చాలు, ఆస్పత్రిలో చేర్చుకోవాలంటారు. మంచం దిగనివ్వలేదు, మానిటర్ పెట్టారు, తిండి మొదలుపెట్టే ముందే థయామిన్ అనే బి1 విటమిన్ ఇచ్చారు. మూడో రోజు మా అత్త నెయ్యి ఓళిగలు చేసి తెస్తే సిస్టర్ గుమ్మం దగ్గరే ఆపేసింది, నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఆ సాయంత్రమే ఫాస్ఫరస్ తగ్గిందని రిపోర్టు వచ్చింది, ఫాస్ఫేట్ మందు మొదలుపెట్టారు. రోజూ రక్తం ఎందుకు తీస్తున్నారో నాకప్పుడు అర్థమైంది. పాలు, పెరుగు ఎక్కువ ఇచ్చేవాళ్లు, వాటిలో ఫాస్ఫరస్ ఉంటుందని.

అలాగని మరీ తక్కువతో రోజులు గడపడం కూడా మంచిది కాదు, ఇది మీరు డాక్టరును అడగాల్సిన విషయం. అమెరికాలో కాలిఫోర్నియాలోని రెండు ఆస్పత్రుల్లో 12 నుంచి 24 ఏళ్ల వాళ్ల మీద చేసిన పరిశోధనలో కొందరికి రోజుకు 2000 క్యాలరీలతో మొదలుపెట్టి రోజూ 200 పెంచారు, మిగతావాళ్లకు 1400తో మొదలుపెట్టి రోజు విడిచి రోజు 200 పెంచారు. ఎక్కువతో మొదలుపెట్టిన వాళ్ల నాడి, బీపీ లాంటివి మూడు రోజులు ముందే కుదుటపడ్డాయి, ఫాస్ఫరస్ లాంటి లవణాలు తగ్గే సమస్యలూ ఎక్కువ కాలేదు. కాకపోతే అదంతా ఆస్పత్రిలో రోజూ పరీక్షలు చేస్తూ జరిగింది, మరీ ప్రమాదకరంగా చిక్కిన వాళ్లను అందులో చేర్చుకోలేదు. కాబట్టి "ఎంతతో మొదలుపెట్టారు, ఎన్ని రోజులకు ఎంత పెంచుతారు" అని అడగండి, అడగడంలో తప్పు లేదు.

తినేటప్పుడు సిస్టర్ పక్కనే కూర్చుంటుంది, మిగిల్చినదానికి బదులు సప్లిమెంట్ పాలు తాగిస్తారు, అదీ కుదరకపోతేనే ముక్కు గొట్టం. తిన్నాక గంటసేపు బాత్రూమ్‌కు పంపరు. కడుపు ఉబ్బరంగా ఉందని పిల్ల ఏడుస్తుంది, అది నాటకం కాదు, ఖాళీగా ఉండి ఉండి జీర్ణకోశం నిజంగానే నెమ్మదిస్తుంది. పాదాలు వాస్తే వెంటనే చెప్పండి. చూడ్డానికి వచ్చిన చుట్టాలను "ముఖం నిండింది" అననివ్వొద్దు, మా పిన్ని ఆ మాట అన్నాక మా పాప రెండు రోజులు గ్లాసు ముట్టలేదు. బరువు అంకెలు కూడా పిల్ల ముందు మాట్లాడకండి, నేను ఇక్కడ రాయనిది కూడా అందుకే.

రాత్రిపూట మీకే భయమేసి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416 టెలిమానస్‌కు (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఇంటి తిండి గురించి అడిగారు కదా, డైటీషియన్ ఒప్పుకుంటే తేవచ్చు. మాకు పదో రోజు ఒప్పుకున్నారు. రాగి సంగటి, కందిపప్పు తీసుకెళ్లి, ముద్ద ఎంతుందో ఆమెకు చూపించి చార్టులో రాయించాకే పెట్టాను. పాప సగం ముద్ద తిని ఏడ్చింది, నేనేమీ అనకుండా చేయి పట్టుకుని కూర్చున్నాను, మిగతా సగం కూడా తినేసరికి 40 నిమిషాలు పట్టింది.